బతికున్న ఫిడేలుకు సంతాపం

కొన్ని డాక్యుమెంటరీలకు పేరులోనే తీర్పు ఉంటుంది. కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ 1971లో తీసిన 'ద వానిషింగ్ కేప్ బ్రెటన్ ఫిడ్లర్' అలాంటిదే. దాని వాదన ఒక్కటే: పెద్దవాళ్ళు వెళ్ళిపోతున్నారు, పిల్లలు ఫిడేలు పట్టడం లేదు, ఇక ఈ సంగీతానికి రోజులు దగ్గరపడ్డాయి.

మనకూ ఈ ధోరణి కొత్త కాదు. తోలుబొమ్మలాట మీద ఆదివారం అనుబంధాల్లో వచ్చే వ్యాసాలకు 'అంతరించిపోతున్న' అనే విశేషణం అతుక్కునే ఉంటుంది. చదివి, నిట్టూర్చి, పేజీ తిప్పేస్తాం. కేప్ బ్రెటన్‌లో మాత్రం జనానికి కోపం వచ్చింది.

ఎందుకు రాదు? నోవా స్కోషియా రాష్ట్రంలోని ఈ దీవికి స్కాట్లండ్ హైలాండ్స్ నుంచి గేలిక్ మాట్లాడే కుటుంబాలు 18వ శతాబ్దం చివర్లోనూ 19వ శతాబ్దంలోనూ వలస వచ్చాయి. వాళ్ళు తెచ్చుకున్న స్ట్రాత్‌స్పేలు, రీళ్ళు వంటిళ్ళలో, పెళ్ళిళ్ళలో, చర్చి హాళ్ళ డాన్సుల్లో బతికాయి. వాయించేవాళ్ళకు వేరే పనులుండేవి. బడ్డీ మెక్‌మాస్టర్ అంతటివాడు రైల్వేలో ఉద్యోగం చేసుకుంటూ డాన్సులకు వాయించేవాడు. ఇంట్లో ఉన్న మనిషిని పట్టుకుని 'పోతున్నాడు' అంటే ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా?

ఊరుకోలేదు. కమిటీ వేసుకున్నారు, ఫిడ్లర్లను వెతికి పిలిచారు. 1973 జులైలో గ్లెండేల్ అనే చిన్న ఊళ్ళో ఉత్సవం పెట్టారు. వందకు పైగా ఫిడ్లర్లు ఒకే వేదిక మీద కలిసి వాయించారు. ఒక సినిమాకు ఇంతకన్నా ఘాటైన సమీక్ష నాకు తెలీదు.

అయితే 'సినిమా ఓడింది, ఊరు గెలిచింది' అని చప్పట్లు కొట్టేసి లేచిపోతే సరిపోదు. ఈ సంగీతం పుట్టింది ఒక్క ఫిడేలు, పక్కన పియానో, ఎదురుగా ఆడే కాళ్ళ మధ్య. వందమంది ఒకే పాట వాయించాలంటే ఎవరి విరుపులు వాళ్ళు కొంత దాచుకోవాల్సిందే. పాతదాన్ని కాపాడటానికి పెట్టిన ఉత్సవం నిజానికి ఒక కొత్త రూపాన్ని తయారుచేసింది. అది తప్పనను. కానీ దాన్నే సంప్రదాయం అనుకోకూడదు.

అసలు జవాబు వేదిక మీద లేదు, తర్వాత నడిచిన క్లాసుల్లో ఉంది. స్టాన్ చాప్‌మన్ దగ్గర నేర్చుకున్న పిల్లల్లో నటాలీ మెక్‌మాస్టర్, ఆష్లీ మెక్‌ఐజాక్ ఉన్నారు. నటాలీ పుట్టింది 1972లో, ఆష్లీ 1975లో. 'ఇక ఎవరూ రారు' అని సినిమా చెప్పిన తరం ఇదే. అలాగని సినిమా భయం ఉత్తదేం కాదు. ఇంట్లో విని నేర్చుకోవడం ఒక్కటే సరిపోయి ఉంటే క్లాసుల అవసరమే వచ్చేది కాదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఫిడేలు నిలబడిన ఆ ఇళ్ళలోనే గేలిక్ భాష తగ్గుతూ వచ్చింది. ఫిడేలును వేదిక ఎక్కించొచ్చు, జనం వచ్చి చూస్తారు. అమ్మ కూతురితో పొయ్యి దగ్గర మాట్లాడే మాటను ఏ వేదిక ఎక్కిస్తాం? ఉత్సవం మొదలుపెట్టే ప్రతి ఊరూ మొదటి మీటింగులోనే వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: మనం చూపించలేనివాటిని ఎవరు చూసుకుంటారు?