ఒక్క ప్రశ్న ఎక్కువైతే

బోరబండ సైట్-3 దగ్గర రాత్రి పదకొండింటికి ఒకాయన చేతిలోంచి ఎవరో ఫోను లాక్కుని పారిపోయారనుకుందాం. చూసిన సాక్షి అక్కడే టిఫిన్ బండి నడిపే ఆవిడ. కేసు కల్పితమే. లా విద్యార్థులకు ట్రయల్ నేర్పడానికి ఇంతకంటే పెద్ద ఫైలు అక్కర్లేదు. ఎఫ్ఐఆర్, పోలీసుల ముందు సాక్షి ఇచ్చిన వాంగ్మూలం, పంచనామా ఉంటే చాలు.

ముద్దాయి తరఫున క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచిన విద్యార్థి బాగానే మొదలుపెడతాడు.

"అప్పటికి బండి కట్టేస్తున్నరు కదమ్మా?"

"అవును సార్."

"గిన్నెలు కడుగుతున్నరు?"

"అవును."

"అంటే మీ వీపు రోడ్డు దిక్కు ఉన్నది?"

"అవును సార్."

ఇక్కడ కూర్చోవాలి. కూర్చోడు. "మరి మొఖం ఎట్ల చూసినరు?" అంటాడు. "అరుపు వినంగనే తిరిగి చూసిన సార్. లైటు కిందనే ఉండె." అంతే, ముద్దాయి పని అయిపోయింది.

'ఎట్లా', 'ఎందుకు' అనేవి చీఫ్‌లో, అంటే సాక్షిని పిలిచినవాళ్లే ముందుగా విచారించేటప్పుడు, అడగాల్సిన ప్రశ్నలు. అక్కడ కథ సాక్షి నోటినుంచే రావాలి కాబట్టి జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగడానికి మామూలుగా వీల్లేదు. క్రాస్‌లో ఆ వీలు ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఇది 146వ సెక్షన్. సెక్షన్ అందరికీ నోటికొస్తుంది. నోరు కట్టేసుకోవడమే రాదు.

ఆవిడ జవాబుతో కేసు పూర్తిగా పోయిందా అంటే, లేదు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లైటు మాటే లేదు. దీన్ని వాడుకోవడం ట్రయల్ విద్యలో కష్టమైన భాగం. ఈరోజు కోర్టులో చెప్పినదాన్ని ముందు సాక్షిచేత గట్టిగా అనిపించాలి. ఆ తర్వాత "ఈ ముక్క పోలీసులకు చెప్పారా?" అని అడగాలి. చెప్పానంటే అక్కడికి వదిలేసి, దర్యాప్తు అధికారి బోనెక్కిన రోజు "ఆవిడ మీకు అలా చెప్పలేదు కదా" అని ఆయనతో ఒప్పించాలి. ఈ రెండో సగం మరిచిపోయే జూనియర్లే ఎక్కువ. అది మరిస్తే మొదటి సగానికి విలువ లేదు.

దీనికి మూలం 1959 నాటి తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అక్కడా ఒక గొడవ దీపం గురించే. గ్యాస్ లాంతరు ఉందని పోలీసులకు చెప్పావా అని సాక్షిని అడగబోతే సెషన్స్ జడ్జి వద్దన్నారు. మెజారిటీ తీర్పు రాసింది మన కోకా సుబ్బారావు గారు. చెప్పకుండా వదిలేసిన ప్రతి మాటా వైరుధ్యం కాదని చెప్పి, ఏది అవుతుందో ఏది కాదో గీత గీసి చూపించారు. ఆ గీతను టిఫిన్ బండి కేసులో ఎక్కడ గీయాలో తేల్చుకోవడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఆ మధ్యాహ్నాన్ని నేను పది లెక్చర్లతో కూడా మార్చుకోను.

మరి కాలేజీల్లో జరిగేదేమిటి? బార్ కౌన్సిల్ 2008 నియమాల ప్రకారం మూట్ కోర్టులు మూడు, ఒక్కోదానికి 10 మార్కులు. ఒక సివిల్, ఒక క్రిమినల్ ట్రయల్ చూసి రాస్తే 30. చూడమన్నారు గానీ చేయమనలేదు. మూట్‌లో సాక్షే ఉండడు, తేలిపోయిన వాస్తవాల మీద వాదన మాత్రమే. బోరబండ ఎంఎంటీఎస్ స్టేషన్‌లో ఒకవైపు రైలెక్కితే తర్వాతి స్టేషన్ హైటెక్ సిటీ, రెండోవైపు కొసదాకా వెళ్తే నాంపల్లి. ఆ హైటెక్ సిటీలో ఐటీ కొలువు చేసుకుంటూ లా చదివి నల్లకోటు వేసుకున్నవాళ్లకు నాంపల్లి క్రిమినల్ కోర్టులో మొదట ఎదురయ్యేది రాజ్యాంగ ప్రశ్న కాదు, పీడబ్ల్యూ-1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి.

అమెరికాలో 1971లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ట్రయల్ అడ్వకసీ ట్రయల్ నేర్పడానికో పద్ధతి పెట్టింది. విద్యార్థి లేచి చేస్తాడు. గురువు పది తప్పులు చూసినా ఒక్కటే ఎత్తుకుంటాడు. విద్యార్థి అన్న మాటను అక్షరం పొల్లు పోకుండా అతనికే అప్పజెప్పి, ఎలా అడగాలో తానే అడిగి చూపిస్తాడు. మన సీనియర్ల చాంబర్లలోనూ మంచివాళ్లు నేర్పేది ఇలాగే, కాకపోతే తిట్లు అదనం. సాక్షి వేషానికి మాత్రం లా విద్యార్థిని పెట్టకూడదు. వాడు ప్రశ్న ఎక్కడికి పోతోందో ముందే పసిగట్టి లాయరులా జవాబిస్తాడు. నిజంగా బండి నడిపే మనిషిని బతిమాలి తెచ్చుకుంటే, అడగని సంగతులు ఎన్ని చెబుతుందో తెలుస్తుంది.

అమెరికా పద్ధతిలో లేనిది, మనకు తప్పనిది ఇంకొకటుంది. సాక్షి తెలుగులోనో ఉర్దూలోనో చెబుతుంటే జడ్జిగారు చాలాసార్లు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. 'వీపు రోడ్డు దిక్కు' అన్న ముక్క ఆ దారిలో జారిపోవచ్చు. జారితే వెంటనే లేచి, మర్యాద తప్పకుండా, అది రికార్డు చేయమని కోరాలి. అందుకే మాక్ ట్రయల్‌లో స్టెనో కూడా ఉండాలి. మార్కులు ఆ స్టెనో టైపు చేసిన కాగితం చూసి వేయాలి. అప్పీలు కోర్టు చూసేది ఆ కాగితాన్నే గానీ, విద్యార్థి ఎంత ధాటిగా నిలబడి అడిగాడో కాదు.