సుగ్గికి పోయిన ఇల్లు: కోవిడ్ అనంతర తెలుగు సాహిత్య విమర్శలో వలస శ్రామిక స్త్రీ

ప్రవేశిక

కన్నడంలో 'సుగ్గి' అంటే పంట కోతల కాలం, ఆ కాలపు సంబరం. తుంగభద్రకు ఇవతల ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి ప్రాంతాల తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట అర్థం మారింది. ఇక్కడ 'సుగ్గికి పోవడం' అంటే సొంత ఊళ్ళో పని చాలక పరాయి జిల్లాల కోతలకు పిల్లాపాపలతో తరలిపోవడం. ఒకరి గాదె నిండడాన్ని చెప్పిన పదమే మరొకరి ఇంటికి తాళం పడడాన్ని చెబుతోంది. మంత్రాలయం మండలంలో రాయచూరు దారిలో ఉన్న మాధవరం, దాని చుట్టుపక్కల ఊళ్ళు ఈ రెండో అర్థం వాడుకలో ఉన్న నేల. గుంటూరు మిరప కోతలు, బెంగళూరు కట్టడాల పనులు ఈ ప్రాంతపు కుటుంబాలకు ఏటా తెలిసిన దారులే.

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశవ్యాప్త లాక్‌డౌన్‌లో అదే మొదటి రోజు. మిరప కోతలు సాగుతున్న కాలమది. పండుగకు ఊరు చేరాలనుకున్న వారు పొలం గట్ల మీదనే ఆగిపోయారు. ఆ ఆగిపోవడం గురించి తెలుగులో కవిత్వం, కథ, పాట వెంటనే స్పందించాయి. అయితే ఆ స్పందనలో సుగ్గికి పోయిన స్త్రీ ఎక్కడ ఉంది? మహమ్మారి తగ్గిన తర్వాత ఆమె కుటుంబంలో మిగిలిపోయిన మార్పులను చదవడానికి మన విమర్శ దగ్గర ఉన్న పరికరాలు సరిపోతాయా? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే.

దారి, ఇల్లు: రెండు చట్రాలు

కోవిడ్ కాలపు తెలుగు రచనలో రెండు ప్రధాన చట్రాలు కనిపిస్తాయి. మొదటిది దారి. నగరం నుంచి పల్లెకు కాలినడకన మరలుతున్న కూలీ దీనికి కేంద్రం. 2020లో విశేషంగా ప్రచారం పొందిన ఆదేశ్ రవి పాట ఈ చట్రానికి మంచి ఉదాహరణ. అందులో పలికే గొంతు పట్నంలో చిక్కుకున్న పురుషుడిది. పిల్లలు ఊళ్ళో ఉన్నారు. వారిని సాకే భారం ముసలితల్లిది. పాటలోని ఆర్తి నిజమైనది. అయితే సంపాదన దూరాన, ఆలనాపాలనా ఇంటి దగ్గర అన్న విభజన మీదనే ఆ ఆర్తి నిలబడింది. పిల్లలను సాకుతున్న ముసలితల్లి చేసేది కూడా శ్రమే అన్న విషయం పాటలో ఉంది. ఆ పాటను గురించిన చర్చల్లో మాత్రం దానికి తగిన చోటు దక్కలేదు.

రెండోది ఇల్లు. కుటుంబమంతా ఇంట్లోనే ఉండడంతో వంటపని పెరగడం, ఆఫీసు పని వంటింట్లోకి రావడం, గృహహింస ఈ చట్రంలోని విషయాలు. దీనికి బలమైన వారసత్వం ఉంది. విమల 'వంటిల్లు' కవిత, పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ, 1993లో వెలువడిన 'నీలిమేఘాలు' సంకలనం ఇంటిని ప్రశ్నించే భాషను తెలుగుకు ఇచ్చాయి. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మహమ్మారికి ముందే ఉన్న ఈ వ్యత్యాసాన్ని గుర్తించగలిగామంటే అందుకు కారణం స్త్రీవాద సాహిత్యం అలవాటు చేసిన చూపే.

ఈ రెండు చట్రాలకు మధ్య జారిపోయినవారు ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిరప తోటల్లో పనికి వచ్చి, బీజాపూర్‌కు నడిచి వెళ్తూ 12 ఏళ్ళ ఆదివాసీ బాలిక దారిలో చనిపోయింది. అదే నెలలో బోధన్‌కు చెందిన ఒక ఉపాధ్యాయిని నెల్లూరులో చిక్కుకున్న కొడుకును తెచ్చుకోవడానికి రానూపోనూ సుమారు 1,400 కిలోమీటర్లు స్కూటర్ నడిపింది. మొదటి సంఘటన దారి చట్రంలో పసిప్రాణం కథగా మిగిలింది. ఆమె కూలి చేసిన శ్రామికురాలన్న సంగతి వెనక్కి పోయింది. రెండోది మాతృప్రేమ గాథ అయింది. భర్తను కోల్పోయి, ఉద్యోగం చేస్తూ, కుటుంబ నిర్ణయాలు తానే తీసుకుంటున్న స్త్రీ ఆ గాథలో పలుచబడింది. పసితనం, మాతృత్వం మన పఠనానికి అలవాటైన భావాలు. శ్రమను ఆ భావాలలో కరిగించడం సులభం.

కదిలే ఇల్లు

సుగ్గి కుటుంబాన్ని ఈ చట్రాలు పట్టుకోలేకపోవడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఇక్కడ పురుషుడు ఒక్కడే వలస పోడు, ఇల్లే కదులుతుంది. మిరప కోత ప్రధానంగా స్త్రీల చేతిపని. బస్తాలు మోయడంలో, కల్లంలో కాయ ఆరబోయడంలో పురుషులు ఉంటారు. పొలం గట్టు మీద వేసుకున్న పట్టా గుడారంలో ఆమె తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి, నీళ్ళు తెచ్చుకోవాలి, చంటిబిడ్డను పెద్దబిడ్డకు అప్పగించాలి, ఆ తర్వాత చాలు పట్టాలి. ఇంటిపని ముగిసి బయటిపని మొదలయ్యే గడప ఆమె జీవితంలో లేదు. కిలో లెక్కన కూలి కట్టే చోట కాటా మీదికి చేరేది కుటుంబం కోసిన మొత్తం కాయ. అందులో ఎవరి చెయ్యి ఎంత కోసిందో కాటా చెప్పదు.

గడపను ఆధారం చేసుకున్న స్త్రీవాద పఠనం ఇక్కడ ఇబ్బంది పడుతుంది. ఈ ఇబ్బందిని దళిత స్త్రీల సాహిత్యం చాలా ముందే గుర్తించింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు', జూపాక సుభద్రతో కలిసి 2006లో ఆమె తెచ్చిన 'నల్లరేగటిసాల్లు' వంటింటి కన్నా ముందు పొలాన్ని, కూలిని, కులాన్ని పెట్టి స్త్రీ అనుభవాన్ని చదవమన్నాయి. బయటి పని తనంత తానే విముక్తి కాదన్నది ఆ రచనల నుంచి గ్రహించవలసిన పాఠం. కోవిడ్ సాహిత్యాన్ని గురించి రాసేటప్పుడు ఆ పాఠాన్ని మనం తగినంతగా వాడుకోలేదు.

వార్త ముగిసిన తర్వాత

మహమ్మారి ప్రభావం దారి ఖాళీ అయిన రోజుతో ముగియలేదు. ఊరు చేరిన కుటుంబంలో అది మూడు రూపాల్లో నిలిచింది.

మొదటిది అప్పు. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు జన్‌ధన్ ఖాతాలున్న స్త్రీలకు నెలకు 500 రూపాయల చొప్పున కేంద్రసాయం అందింది. ఆ ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 237 రూపాయలు. నెల సాయం మూడు దినాల కూలికి కూడా చాలదు. మార్చి నుంచి ఆగస్టు వరకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం వాయిదాను ఆపింది కాని వడ్డీ పెరగడాన్ని ఆపలేదు. పొదుపు సంఘంలో సంతకం స్త్రీది, సమావేశంలో జవాబు చెప్పవలసిందీ ఆమే. అప్పు కుటుంబానిది, పరువు ఆమెది అన్న ఈ అమరిక మహమ్మారికి ముందూ ఉంది. సగంలో ఆగిన సుగ్గి ఆ అమరికను బిగించింది. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు తర్వాతి ఏటి కోతకే కాక, గడిచిన ఏటి బాకీకి కూడా సమాధానం అయినప్పుడు, బయలుదేరాలా వద్దా అన్న నిర్ణయం కుటుంబం చేతుల్లో ఉండదు.

రెండోది ఆడపిల్ల బడి. 2020 మార్చిలో మూతపడిన బడులు రాష్ట్రంలో నవంబరు 2న, అదీ తొమ్మిది, పది తరగతులకు ముందుగా తెరుచుకున్నాయి. వలస కుటుంబాల పిల్లలకు ఊళ్ళో బడి, సీజనల్ హాస్టల్ ఉంటేనే తల్లి వెంట పోకుండా ఆగడం సాధ్యం. అవి లేని నెలల్లో పెద్దబిడ్డ చంటిబిడ్డకు తల్లి అవుతుంది, ఆ పైన చాలు పట్టే చెయ్యి అవుతుంది. కాయ కోయడం నేర్చిన చేతికి మళ్ళీ పలక ఇవ్వడం సులువు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్ళలోపే పెళ్ళయినట్లు తేలింది. బడి మానడానికీ పెళ్ళికీ మధ్య ఉన్న ఆ కొద్దికాలాన్ని చదవడం అంకెలకన్నా కథకే సాధ్యమయ్యే పని.

మూడోది లెక్కలోని తిరకాసు. కేంద్ర శ్రామిక సర్వేలలో 15 ఏళ్ళు పైబడిన స్త్రీల శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం, 2022-23లో 37 శాతం. పైకి ఇది పురోగతి. అదే కాలంలో పనిచేసే స్త్రీలలో కుటుంబ వృత్తికి జీతం లేకుండా తోడ్పడేవారి వాటా 31.7 నుంచి 37.5 శాతానికి పెరిగింది. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర ఈ తోడ్పాటు ఎలాంటిదో చూడవచ్చు. 1938లో మాచాని సోమప్ప కృషితో చేనేత సహకార సంఘం ఏర్పడిన ఊరు అది. నూలు చుట్టడం, కండెలు పట్టడం మగ్గం ఆడడానికి ముందు జరగవలసిన పనులు, ఎక్కువగా స్త్రీలవే. 2020 జూన్‌లో లాక్‌డౌన్ నష్టాన్ని దృష్టిలో పెట్టుకుని ముందుగానే విడుదల చేసిన నేతన్న నేస్తం 24,000 రూపాయలు సొంత మగ్గం ఉన్న కుటుంబానికి దక్కాయి. సాయం కొలత మగ్గం. కండె పట్టిన చెయ్యి ఆ కొలతలో విడిగా కనబడదు. ఇక్కడ మగ్గం చేసిన పనే అక్కడ కాటా చేసింది.

పాత మహమ్మారి, పాత మౌనం

ఈ నేలకు ఇది మొదటి మహమ్మారి కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో చేరేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా భాగం. 1918 ఇన్‌ఫ్లూయెంజా తర్వాత జరిగిన 1921 జనగణనలో ఆ జిల్లా జనాభా అంతకుముందు కన్నా తగ్గింది. దేశంలో ఆ జ్వరానికి పురుషులకన్నా స్త్రీలు ఎక్కువగా బలి అయ్యారని జనాభా చరిత్రకారులు చెప్పారు. అరకొర తిండి, రోగులకు సేవ చేసే బాధ్యత అందుకు చూపిన కారణాలు. కాని మన సాహిత్య చరిత్రల్లో ఇన్‌ఫ్లూయెంజా ఒక ప్రకరణం కాలేదు. ఆ తరం స్త్రీలు రోగుల మంచాల పక్కన చేసిన శ్రమ సాహిత్య స్మృతిలోకి రాకుండానే పోయింది. నూరేళ్ళ తర్వాత అదే సేవను ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చేశారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని గౌరవించింది. వారికి అందే మొత్తానికి మాత్రం నేటికీ జీతం అన్న పేరు లేదు, గౌరవ వేతనమనే అంటున్నాం. సేవ అనే మాట శ్రమను ఎలా కప్పుతుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

ఉపసంహారం

పై పరిశీలన కోవిడ్ రచనలను తక్కువ చేయడానికి కాదు. ఆపత్కాలంలో వెంటనే స్పందించిన రచన తనకు అందుబాటులో ఉన్న చట్రాలనే వాడుకుంటుంది. ఆ చట్రాలను పరీక్షించడం విమర్శ పని. ఆ పనిలో మన విమర్శ కూడా వార్తల వేగాన్నే అనుసరించింది. లాక్‌డౌన్ కవిత్వాన్ని ఇతివృత్తాల వారీగా వర్గీకరించి, వలస, ఆకలి, భయం, మానవత్వం అని శీర్షికలు పెట్టి ముగించే పరిశోధన పత్రాలు దీనికి నిదర్శనం. పరిశోధక విద్యార్థిగా నేను కూడా మొదట ఆ పట్టికలతోనే ఆరంభించాను. 'వలస' అన్న గడిలో సుగ్గిని పెట్టినప్పుడు స్త్రీ కనబడలేదు. 'స్త్రీ' అన్న గడిలో పెట్టినప్పుడు పొలం కనబడలేదు. ఆ పట్టికను విడిచిపెట్టవలసి రావడమే ఈ వ్యాసానికి మూలం.

కోవిడ్ అనంతర సాహిత్యాన్ని చదివేటప్పుడు మూడు ప్రశ్నలు తప్పనిసరి అని ప్రతిపాదిస్తున్నాను. రచనలో ఇల్లు ఎక్కడ ఉంది, అది కదిలేదా నిలిచేదా? కుటుంబం పేరుతో చెప్పిన సంపాదనలో స్త్రీ చేతిపని విడిగా కనబడుతోందా? కథాకాలం 2020తో ఆగిందా, బాకీ తీరేదాకా సాగిందా? మొదటి ప్రశ్న దారి, ఇల్లు అన్న విభజనను సరిచూస్తుంది. రెండోది కాటా, మగ్గం దాచిన దాన్ని వెదుకుతుంది. మూడోది సంఘటన నుంచి పర్యవసానానికి మన దృష్టిని మళ్ళిస్తుంది.

'సుగ్గి' అన్న మాటను మన నిఘంటువుల్లో కోత అన్న ఒక్క అర్థానికే పరిమితం చేస్తే మాధవరం వాడుక అందులో ఉండదు. సాహిత్య విమర్శకూ ఇదే వర్తిస్తుంది. తాళం పడిన ఇంటి వైపు నుంచి కూడా ఆ మాటను చదివినప్పుడే మహమ్మారి ఆ కుటుంబాలలో మిగిల్చిన మార్పు మనకు అర్థమవుతుంది.