అడిగినదానికి జవాబు

ఇంగ్లీషు అసలు రానివాళ్లకు నేర్పడం కన్నా సగం వచ్చినవాళ్లకు నేర్పడం కష్టం. మా టూరిజం పిల్లలంతా ఈ సగం దగ్గర ఆగినవాళ్లే. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పల్లెల నుంచి డిగ్రీకి వచ్చారు. టెన్సులు పన్నెండూ అప్పజెప్తారు. యాక్టివ్ వాయిస్ ఇస్తే పాసివ్ చేసి చూపిస్తారు. పేపరు చదివితే ముప్పాతిక అర్థమవుతుంది. గండికోటలో బెంగళూరు కుటుంబం ఒకటి ఎదురై ఏదైనా అడిగితే మాత్రం నోరు పెగలదు. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రకటించిన ఆరు మెట్ల కొలతలో వీళ్లది మూడో మెట్టు, బి1. మొదటి రెండూ వల్లెవేసి ఎక్కెయ్యొచ్చు. ఇక్కణ్నుంచి పైకి వల్లెవేత పనిచేయదు.

ఏటా పిల్లల్ని బెలుం గుహలకు తీసుకుపోతాను. పోయేముందు ఒక్కొక్కరూ గైడు ప్రసంగం రాసుకొని, కంఠస్థం చేసి వస్తారు. గుహల పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి దిగి కొలిచింది. 2002లో పర్యాటకాభివృద్ధి సంస్థ జనానికి తెరిచింది. అన్నీ నిజాలే, ఇంగ్లీషులోనూ తప్పుండదు. ఓసారి కొలిమిగుండ్ల వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. మా పక్కనే నడుస్తున్న చెన్నై దంపతుల్లో ఆమె, లోపల ఇంత ఉక్కగా ఉందేమిటని ఇంగ్లీషులో అడిగింది. అమ్మాయి ఆగిపోయింది. కాసేపు చూసి, మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకుంది.

పక్కకు పిలిచి తెలుగులో అడిగాను.

"ఎందుకు ఉక్కపోస్తోందో నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు సార్. గాలి ఆడదు, తేమ ఎక్కువ, చెమట ఆరదు."

"మరి ఈ గుహ ఎట్లా ఏర్పడిందో?"

"మా నాయన నాపరాయి గనిలో పనికి పోతాడు సార్. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటాది. సందుల్లో నీళ్లు దిగి దిగి రాయిని తినేస్తాయి. ఇదీ అదే రాయి కదా సార్."

ఇంత తెలిసిన మనిషికి ఇంకో వ్యాకరణ పుస్తకం ఇచ్చి ఏం లాభం? ఉక్క గురించి నాకు చెప్పిన ఆ మూడు ముక్కలే ఇంగ్లీషులో చెప్పమన్నాను. నో ఎయిర్ మూవ్‌మెంట్. టూ మచ్ మాయిశ్చర్. స్వెట్ డజ్ నాట్ డ్రై. ఆమె పోయి చెప్పింది. చెప్పి, ఎవరూ అడక్కుండానే ఇంకో వాక్యం కలిపింది: దిస్ ఈజ్ ద సేమ్ స్టోన్ ఇన్ యువర్ కిచెన్, మేడమ్. చెన్నైలో చాలా ఇళ్లలో వంటగట్లకూ అలమరలకూ వేసేది కడప బండే మరి. దంపతులిద్దరూ గోడ మీద చెయ్యి పెట్టి చూశారు. అక్కణ్నుంచి గుహ లోపలి పాతాళగంగ దాకా ప్రశ్నలే ప్రశ్నలు. వాక్యాలు కొన్ని కుంటుపడ్డాయి, క్రియలు కొన్ని తప్పాయి. మాట మాత్రం తెగలేదు.

బెలుం గుహలు ఏర్పడింది నార్జి సున్నపురాయిలో. ఇక్కడి నాపరాయి దొరికేదీ ఆ పొరల్లోనే. 1872లో విలియం కింగ్ ఈ ప్రాంతపు రాళ్ల మీద రాసిన గ్రంథం పేరులోనే కడప, కర్నూలు ఉన్నాయి. ఇవాళ్టికీ భూగర్భశాస్త్రంలో ఇవి రాతి వరుసల పేర్లు. ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలో పిల్లలు నిటారుగా కూర్చుంటారు. టూరిజం ఇంగ్లీషు పుస్తకాలు మాత్రం విమానాశ్రయంలో చెక్-ఇన్ కౌంటరు, హోటల్ రిసెప్షను, లండన్ వీధుల్లో దారి చెప్పడం అంటూ మొదలవుతాయి. అవి వద్దనను, ఉద్యోగంలో చేరాక కావాలి. కానీ తెలియని చోటు గురించి, పూర్తిగా రాని భాషలో మాట్లాడమంటే రెండు బస్తాలు ఒకేసారి నెత్తికెత్తడమే. ముందు తెలిసిన చోటు గురించి మాట్లాడనివ్వాలి.

అట్లాగని వ్యాకరణాన్ని పక్కన పెట్టలేం. మాట్లాడుతుంటే దాని అవసరం పడాలి, అప్పుడు చెప్పాలి. పాస్ట్ పర్‌ఫెక్ట్ బోర్డు మీద రాసి చెబితే పరీక్ష దాకా ఉంటుంది. నేను కలివికోడి కథ చెప్పిస్తాను. జెర్డాన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దం మధ్యలో శాస్త్రలోకానికి తెలిపిన పక్షి అది. 1900 తర్వాత కనబడక, అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల దగ్గర, రెడ్డిపల్లి వైపు మళ్లీ దొరికింది. దాన్ని పట్టుకున్నది ఐతన్న అనే స్థానికుడు. శాస్త్రజ్ఞులు ఇక లేదనుకున్న కాలమంతా అది ఇక్కడే బతుకుతూ వచ్చిందని ఇంగ్లీషులో చెప్పాలంటే, కాలం మీద కాలం పడి 'హ్యాడ్' తప్పనిసరి అవుతుంది. "ఈ హ్యాడ్ యాడ పెట్టల్లనో ఇప్పుడు తెలిసింది సార్" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి.

యాగంటికి పోతే ఇంకో పని. నంది ఏటేటా పెరుగుతోందని, అగస్త్యుడి శాపం వల్ల అక్కడ కాకులు వాలవని మన జనం నమ్మకం. పిల్లలు దాన్ని కొలిచి చూసినంత ధీమాగా చెప్పేస్తారు. కంటికి కనబడేది ఒక రకం వాక్యం, రాతపూర్వకంగా ఉన్నది ఇంకో రకం, జనం చెప్పుకునేది మూడో రకం అని విడదీయిస్తాను. గండికోటలో మసీదు, మాధవరాయ ఆలయం దగ్గరదగ్గరగా ఉండటం కంటికి కనబడేది. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడికి వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడం అతని యాత్రా గ్రంథంలో ఉన్నది. నంది పెరగడం 'పీపుల్ బిలీవ్ దట్' అని మొదలుకావాలి. అట్లా మొదలుపెడితే భక్తుడు నొచ్చుకోడు, చదువుకున్న పర్యాటకుడు నవ్వడు. ఇది మర్యాద కూడా.

ఇంగ్లీషు బోధనలో 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు నాకు దారి చూపింది. వ్యాకరణ పాఠాలు మానేసి, రైలు టైంటేబుళ్లు, పటాలు పిల్లల చేతికిచ్చి లెక్క తేల్చమన్నారు. మనసు పని మీద ఉన్నప్పుడే భాష లోపలికి దిగుతుందని ఆయన నమ్మకం. అదే పద్ధతిలో నేనిచ్చే లెక్క ఒకటి: బెంగళూరు నుంచి రైల్లో వచ్చి పొద్దున్నే తాడిపత్రిలో దిగిన వృద్ధ దంపతులకు బెలుం, గండికోట చూపించి రాత్రికి కడప చేర్చాలి. ఒకరు దంపతుల తరఫున అడుగుతారు, ఒకరు దారి చెబుతారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా వినబడకపోతే బస్సు తప్పిపోతుంది. గండికోట లోయ అంచున మరీ జాగ్రత్త. డోంట్ గో అని అరిస్తే వచ్చినవాళ్లకు కోపం వస్తుంది. రాయి వదులుగా ఉంది, ఇటువైపు నిలబడండి అని కారణం కలిపి చెబితే వింటారు.

తరగతిలో వినిపించే గొంతులూ మార్చాను. గండికోటకు వచ్చేది బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ జనమే ఎక్కువ. వాళ్లలో మలయాళీలు ఉంటారు, బెంగాలీలు ఉంటారు. ఒక్క బీబీసీ ఇంగ్లీషు వింటే సరిపోదు, వీళ్లందరి ఇంగ్లీషూ చెవికి అలవాటు కావాలి.

2024లో కేంద్రం గండికోట అభివృద్ధికి రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. కొత్త కట్టడాలతో కొత్త కొలువులూ వస్తాయి. వాటిలో మా పిల్లలు ఉండాలని నా కోరిక. అందుకు ముందు వాళ్ల ఇంగ్లీషు పరీక్ష మారాలి. మూడు గంటలు కూర్చొని రాసే పేపరుకు సగం మార్కులు చాలు. మిగతా సగం కోట వాకిట్లో, గుహ మెట్ల మీద పెట్టాలి. ప్రశ్నలు ముందే ఇవ్వకూడదు. అడిగేవారు రోజూ పాఠం చెప్పే మాస్టారు కాకుండా ఈ ప్రాంతానికి కొత్తవారై ఉండాలి. మొదటిసారి చెప్పింది అర్థం కాలేదంటే, రెండోసారి వేరే మాటల్లో చెప్పగలిగినవాళ్లకు ఎక్కువ మార్కులు పడాలి. కర్నూల్లో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. రెండిటికీ బెలుం, గండికోట బస్సు దూరమే.