శూన్యగృహమా, సత్త్వదర్శనమా? – ‘రెసిడెంట్ ఈవిల్ 2’ రెండు రూపాల్లో భయానకం

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలానికి వచ్చే యాత్రికుడికి స్తంభం నుంచి వెలువడేది ఎవరో ముందే తెలుసు. అయినా ఎగువ అహోబిలం దాటి, జ్వాలా నరసింహుని సన్నిధి మీదుగా ఉగ్రస్తంభం వైపు నల్లమల అడవిలో నడిచేటప్పుడు ఆ కథ పాతబడదు. అహోబల నరసింహుని పేర నృసింహపురాణం రచించిన ఎఱ్ఱన చెప్పిన ఈ కథనే పోతన భాగవత సప్తమ స్కంధంలో మళ్లీ చెప్పాడు. తెలుగు పాఠకుడు ఒకదాని కోసం మరొకదాన్ని వదులుకోలేదు. ఏం జరుగుతుందన్న కుతూహలం తీరిపోయిన చోట ఎప్పుడు, ఎలా అన్న ప్రశ్నల మీదే పునఃకథనం నిలుస్తుంది. వీడియో గేమ్ రీమేక్‌నూ ఈ ప్రమాణంతో పరిశీలించవచ్చు.

జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 1998లో హిడెకి కమియా దర్శకత్వంలో ప్లేస్టేషన్ కోసం రూపొందించిన ‘రెసిడెంట్ ఈవిల్ 2’ను 2019 జనవరి 25న పూర్తిగా పునర్నిర్మించి విడుదల చేసింది. ఇతివృత్తం మారలేదు. వైరస్ వ్యాపించి జనం నడిచే శవాలుగా మారిన రక్కూన్ సిటీకి, ఉద్యోగంలో తొలిరోజున లియాన్ అనే పోలీసు, అన్నను వెదుకుతూ క్లెయిర్ అనే యువతి చేరుకుంటారు. ఒకప్పుడు కళాప్రదర్శనశాలగా ఉన్న పోలీసు స్టేషన్ ప్రధాన రంగస్థలం.

భరతుడు భయానక రసానికి చెప్పిన విభావాలలో వికృత ధ్వని, సత్త్వదర్శనం, శూన్యగృహం, అరణ్యగమనం ఉన్నాయి. 1998 నాటి ఆట వీటిలో ధ్వనిని, శూన్యగృహాన్ని ఆశ్రయించింది. కెమెరా గది మూలల్లో స్థిరంగా ఉంటుంది. ఆటగాడు చూడగలిగేది ఆ చట్రం అనుమతించినంతే. మలుపు అవతల కాళ్లీడ్చే శబ్దం వినిపిస్తుంది గాని శవం కనిపించదు. గది మారినప్పుడల్లా చీకటిలో ఒక తలుపు మెల్లగా తెరుచుకునే దృశ్యం వస్తుంది. తరువాతి గదిని యంత్రం సిద్ధం చేసుకోవడానికి పట్టే వ్యవధిని కప్పిపుచ్చే ఉపాయమది. సాంకేతిక లోపమే విభావంగా మారిన ఇటువంటి సందర్భాలు అరుదు.

2019 రూపంలో ఆ తలుపు దృశ్యం లేదు. కెమెరా పాత్ర భుజం వెనుకకు చేరింది. చూపు ఆటగాడి వశమైంది కనుక దర్శకులు వెలుతురును తగ్గించారు. చేతి టార్చి పడినంత మేరే లోకం కనిపిస్తుంది. మరోవైపు శవాల దేహాలు తూటా తగిలిన చోట చీలి, ఊడిపోయేంత వివరంగా చిత్రితమయ్యాయి. ఇది జుగుప్సే గాని భయం కాదనే ఆక్షేపణ తొందరపాటు. బీభత్సం నుంచే భయానకం పుడుతుందని భరతుడే చెప్పాడు. పైగా తలకు ఎన్ని తూటాలు చాలతాయో ఇక్కడ లెక్కకు అందదు. ఆయుధం చేతిలో ఉన్నా వీరం తలెత్తకుండా ఆపేది ఈ అనిశ్చితే.

రీమేక్ సాధించిన అసలు విజయం టైరంట్ పాత్రలో ఉంది. పాత ఆటలో ఈ దీర్ఘకాయుడు రెండవ కథలో మాత్రమే, నిర్ణీత స్థలాల్లో ఎదురవుతాడు. ఒకసారి ఆడినవారు రెండోసారి ఆ గోడ దగ్గర ముందే సిద్ధంగా ఉంటారు. కొత్త ఆటలో అతడు ఇద్దరి కథల్లోనూ స్టేషన్ అంతటా తిరుగుతూ వెంటాడతాడు. తూటాలు అతణ్ని కాసేపు మోకరిల్లజేస్తాయి, అంతే. పై అంతస్తులో బూట్ల చప్పుడు వినిపిస్తుంది. అది దగ్గరవుతోందా, దూరమవుతోందా అన్నది చెవితోనే తేల్చుకోవాలి. టైప్‌రైటర్ దగ్గర ఆటను భద్రపరచుకునే గదులు చాలావరకు సురక్షితమే గాని, టైప్‌రైటర్ ఉన్న ప్రధాన మందిరంలోకి మాత్రం అతడు రాగలడు. స్తంభంలో ఎవరున్నారో తెలిసినా ఏ క్షణాన పగులుతుందో తెలియని స్థితి ఇదే. అతడు సమీపించగానే మోగే నేపథ్య సంగీతం ఈ స్థితిని కొంత చెడగొడుతుంది. అడుగుల చప్పుడు ఒక్కటే చాలి ఉండేది.

ఈ లాభానికి చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1998 ఆటలో ఒకరి కథ ముగిశాక అదే రాత్రిని మరొకరి వైపు నుంచి ఆడాలి. మొదటివారి చర్యలు రెండవవారికి మిగులుతాయి. ఆయుధాల గదిలోని సబ్‌మెషీన్ గన్‌ను మొదటి పాత్ర తీసుకుంటే రెండవ పాత్రకు అది ఉండదు. కనపడని మరో మనిషి కోసం ఒక వస్తువును వదిలి వెళ్లాలా అన్న సందిగ్ధం భయం మధ్యలో కరుణకు చోటిచ్చింది. రీమేక్‌లో రెండవ కథ ఆరంభం, కొన్ని వస్తువుల స్థానాలు మారతాయి గాని ఆ అన్యోన్యబంధం దాదాపు లేదు. బిర్కిన్‌తో జరిగే ప్రధాన పోరాటాలు ఇద్దరికీ దాదాపు అవే చోట్ల, ఒకరు పోరాడిన సంగతి రెండవవారికి సోకనట్లుగా, మళ్లీ జరుగుతాయి. పాత ఆటలో తాళం వేసిన ఆ గదిలో ఖాళీగా కనిపించే ఆయుధపు స్థానం చెప్పిన మాట కొత్త ఆటలో ఎక్కడా వినిపించదు.