అచ్చులో పోసిన సాయిబు

ఏలూరు తంగెళ్లమూడిలో తివాచీ మగ్గం ముందు కూర్చున్న సాయిబుని మీరు ఏ తెలుగు కథలోనైనా చూశారా? మేము వెతికాం. మాకు దొరకలేదు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు ఈ విద్య తెచ్చారని చెబుతారు. ఇక్కడి ఉన్ని తివాచీలు ఓడలెక్కి విదేశాలకు పోయాయి. ముడి మీద ముడి వేస్తూ వేళ్లు అరగదీసుకున్న మనిషి మాత్రం సాహిత్యం గడప ఎక్కలేదు. ఎక్కిన సాయిబు వేరు. గళ్ల లుంగీ, గడ్డం, చేతిలో కత్తి, నోట్లో విరిగిన తెలుగు. ఒక అచ్చు తయారుచేసుకున్నారు, మమ్మల్నందరినీ అందులో పోశారు.

సామెతలు చూడండి. 'సాయిబు సంపాదన బూబమ్మ బురఖాకే సరి.' రాబడి చాలకపోవడం పేదవాళ్లందరి కష్టం. దాన్ని సాయిబు స్వభావంగా మార్చింది ఈ సామెత. ఇళ్లలో పాచిపని చేసి, బీడీలు చుట్టి సంసారం ఈదే మా అమ్మీల సంపాదన మాటేమిటి? సామెతలో బూబమ్మ ఖర్చే గాని కష్టం లేదు.

సినిమా ఇంకా సులువైన దారి పట్టింది. మొదట మేము నవ్వించాం. తర్వాత హీరో కోసం ప్రాణమిచ్చే చాచాలమయ్యాం. 1990ల నుంచి బాంబులు పెడుతున్నాం. సెక్యులర్ మిత్రులకు మధ్యలోని చాచా ఇష్టం. పీర్ల పండుగ, దర్గా ఉరుసు, మతసామరస్యం అంటూ ఆయన్ని వేదిక ఎక్కిస్తారు. ఆయన అద్దెకి ఇల్లు అడిగిన రోజు ఏం జరుగుతుందో ఎవరూ రాయరు.

మేము రాస్తాం. మాలో ఒకరు తాడేపల్లిగూడెంలో ఇల్లు వెతుక్కున్నారు. 'మీరు తెలుగు బాగా మాట్లాడుతున్నారే!' అని ఇంటాయన మెచ్చుకున్నాడు. అమ్మ ఒడిలో నేర్చుకున్న భాషకి ఆ మెప్పు ఎంత అవమానమో ఆయనకి తెలీదు. పేరు అడిగాడు. చెప్పాక, 'ఏమనుకోకండి మాస్టారూ, మీరు మాంసం వండుతారు కదా' అన్నాడు. ఆ మేడ కట్టింది కొల్లేటి చెరువుల్లో చేపలు పెంచి అమ్మిన డబ్బుతోనే. అడ్డొచ్చింది కూర కాదు, పేరు.

ఈ నేల ఒకప్పుడు ఏలూరు సర్కారు. సర్కారు జిల్లాలవాళ్లమని గర్వంగా చెప్పుకునేవాళ్లు ఆ 'సర్కారు' ఏ భాషదో ఆలోచించరు. రైతు, జిల్లా, బజారు, ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చినవే. మాటలు ఊరివైపోయాయి. మనుషులు మాత్రం బయటివాళ్లుగానే మిగిలారు.

అయితే అచ్చు బయటివాళ్ల దగ్గరే ఉందంటే అబద్ధమవుతుంది. 'తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా' అన్న సామెతకి మా సయ్యదులు, పఠాన్లు కూడా నవ్వుతారు. దూది ఏకి, పరుపులు కుట్టి, ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషాని సగం ముస్లింగా చూసింది మేమే. అతనికి ఉర్దూ రాదని వెక్కిరించిన నోటితో, సినిమా మా తెలుగుని వెక్కిరించిందని ఎలా ఏడుస్తాం? 2007లో బీసీ-ఇ కింద 14 ముస్లిం సమూహాలకి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు 'ముస్లింలలో కులాలేమిటి?' అని బయటా లోపలా ఒకే ఆశ్చర్యం. అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు, తురక కాశలు. ఒక్క లుంగీ కింద ఎందరిని దాచేశారో ఆ జాబితా చెబుతుంది.

అచ్చు వల్ల మనసు నొచ్చుకోవడంతో ఆగదు, పొట్ట మీద కొడుతుంది. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ తబ్లీగీ సమావేశం పేరుతో కరోనాకి మా ముఖం తగిలించారు. ఆ సమావేశం ఎక్కడ జరిగిందో కూడా తెలియని పండ్ల బండి సాయిబుని జనం దూరం పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లని బలిపశువులని చేశారని అంది. ఆ తీర్పు బండి దాకా రాలేదు. కుళ్లిన పండ్ల లెక్క ఎవరూ కట్టలేదు. నష్టం సాయిబుదే కాదు. ఏళ్ల తరబడి నమ్మి కొన్న మనిషిని ఒక్క రోజులో అనుమానించడం నేర్చుకున్న వీధి కూడా ఏదో పోగొట్టుకుంది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' వచ్చాక మా గురించి మేమే చెప్పుకోవడం మొదలైంది. కానీ చెడ్డ సాయిబు బొమ్మ తీసేసి మంచి సాయిబు బొమ్మ పెట్టడం మా పని కాదు. అదీ అచ్చే. మాలో అప్పు ఎగ్గొట్టేవాడున్నాడు, పెళ్లాన్ని కొట్టేవాడున్నాడు, నమాజు ఎగ్గొట్టి మ్యాట్నీకి పోయేవాడున్నాడు. వాళ్లనీ రాయండి. వాడు అప్పు ఎగ్గొట్టింది సాయిబు కాబట్టి కాదని చదివినవాళ్లకి తెలిసేటట్టు రాయండి. మేమూ అలాగే రాస్తాం, ముందు నూర్‌బాషాతో మొదలుపెట్టి.