కాకినాడ చందా, బోస్టన్ పరుగు

1922లో భీమవరానికి చెందిన ఓ యువ వైద్యుడు పైచదువుకు బోస్టన్ వెళ్లాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత కూడబెట్టి ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ వారు సాయం చేస్తామని మాటిచ్చారు. ఆ భరోసాతో ఓడెక్కిన మనిషి యల్లాప్రగడ సుబ్బారావు. పాతికేళ్లు తిరిగేసరికి లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందు అదే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు చేతికి చేరింది. లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న 16 మంది పిల్లలకు ఫార్బర్ ఆ మందిస్తే పదిమందిలో జబ్బు కొన్నాళ్లు తగ్గుముఖం పట్టింది. అంతవరకు ఆ పిల్లలకు పనిచేసే మందే లేదు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ ఏడాదే మే నెలలో, ఫార్బర్ వైద్యం చేస్తున్న ఒక పిల్లవాణ్ని ‘జిమ్మీ’ అనే మారుపేరుతో రేడియోలో మాట్లాడించారు. విన్నవాళ్లు పంపిన డబ్బు రెండు లక్షల డాలర్లు దాటింది. జిమ్మీ ఫండ్ అలా మొదలైంది. ఫార్బర్ పేరు పెట్టుకున్న క్యాన్సర్ ఆస్పత్రి కోసం 1990 నుంచి ఒక బృందం బోస్టన్ మారథాన్‌లో విరాళాలు సేకరిస్తూ పరుగెడుతోంది.

కెనడాలో టెర్రీ ఫాక్స్ కథ అందరికీ తెలిసిందే. ఎముక క్యాన్సర్‌తో కాలు పోయిన ఆ కుర్రాడు 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. తలకొక డాలరు ఇమ్మని దేశాన్ని అడిగాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకితే తప్ప ఆగలేదు. 22 ఏళ్లకే పోయాడు.

ఇప్పుడు మన పట్టణాల్లోనూ క్యాన్సర్ కోసం విరాళాలు సేకరించే 5కె, 10కె పరుగులు మామూలయ్యాయి. సంతోషమే. అయితే వచ్చిన డబ్బు ఎక్కడికి పోవాలన్నదే అసలు సంగతి.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం లుకేమియాకు వైద్యం రెండేళ్ల పైమాటే. మొదటి నెలలు ఆస్పత్రిని అంటిపెట్టుకుని ఉండాలి. తర్వాత చాలాకాలం ఇంట్లో మాత్రలు. వాటిలో వారానికొకసారి వేసే మెథోట్రెక్సేట్ కూడా సుబ్బారావు బృందం చలవే. చిన్న పసుపుపచ్చ మాత్ర. వేయాల్సిన రోజును తల్లి క్యాలెండర్‌లో సున్నా చుట్టి గుర్తుపెట్టుకోవాలి, పొరపాటున రోజూ వేస్తే ప్రమాదం. ఖరీదు పెద్దదేం కాదు. కానీ మందుల వల్ల తెల్ల రక్తకణాలు పడిపోయిన బిడ్డకు జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. కోనసీమ లంకల్లోని ఇంటి నుంచి అర్ధరాత్రి కారు మాట్లాడుకుని బయల్దేరాలంటే కూలి చేసుకునే తండ్రి ఎవరి గడప తొక్కాలి?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం పుణ్యమా అని చికిత్స ఖర్చు చాలావరకు గడుస్తోంది. గడవనివి వేరే ఉన్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో, హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికో తిరిగే చార్జీలు, గది అద్దె, బయట తిండి, పోయిన కూలి, అమ్మమ్మ దగ్గర వదిలిన రెండో బిడ్డ. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే అనేక పేద, మధ్య ఆదాయ దేశాల్లో 30 శాతం కూడా దాటడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జబ్బు ఆలస్యంగా బయటపడటం ఒక కారణం, వైద్యం మధ్యలో మానేయడం ఇంకొకటి. ఈ రెండోదాన్ని బస్సు చార్జీతో, ఒక శుభ్రమైన గదితో చాలావరకు ఆపొచ్చు. 2006లో ముంబయిలో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా కేంద్రాలు చేస్తున్నది ఆ పనే. దూరం నుంచి వచ్చిన పిల్లలకు, తల్లిదండ్రులకు వైద్యం జరిగినన్నాళ్లూ ఉచితంగా గది, వంటకు సరుకులు, ఆస్పత్రికి రానుపోను బండి ఇస్తాయి. హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

పరిశోధనకు డబ్బు అక్కర్లేదని కాదు. కాకినాడ దాతల మాట ఎంత దూరం వెళ్లిందో చూశాం. కానీ గోదావరి జిల్లాల్లో జరిగే పరుగుకు తక్షణం చేయదగ్గ పని, మందు దొరికిన బిడ్డ చివరి మాత్ర దాకా వైద్యంలో నిలిచేలా చూడటం. టీషర్టులు, పతకాలు, వేదిక ఖర్చు పోను ఎంత మిగిలిందో, ఏ కుటుంబాల అవసరానికి చేరిందో నిర్వాహకులు లెక్క చెప్పి తీరాలి.

ఈసారి రాజమహేంద్రవరంలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో పరుగుకు పేరు ఇచ్చేటప్పుడు ఆ లెక్క అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ రుసుమును పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేసే సోషల్ వర్కర్‌తో మాట్లాడి, ఏదో ఒక కుటుంబం రానుపోను చార్జీలకు ఇవ్వండి. పరుగు మాత్రం మానకండి.