గట్టిగా నొక్కితేనే గుణమా?

పాత నొప్పికి గట్టి మర్దనే మందని మనవాళ్ళకు గట్టి నమ్మకం. ఒళ్ళు పట్టించుకునేవాళ్ళు పళ్ళు బిగబట్టి మరీ ఓర్చుకుంటారు, పట్టేవాళ్ళు చెమటలు కక్కుతారు. అమ్మ మోకాళ్ళకు రోజూ నూనె రాస్తున్నకొద్దీ నాకు ఈ నమ్మకం మీద గురి పోయింది.

నాకు ఈ పని నేర్పింది మా వీధిలో బాలింతలకూ పసిపిల్లలకూ స్నానం పోసే పెద్దావిడ. కాళ్ళు బారజాపి కూర్చుని, బిడ్డను ముంగాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుంటుంది. నువ్వుల నూనె ముందు తన అరచేతుల్లో రుద్దుకుని, చేతులు వెచ్చబడ్డాకే బిడ్డ వీపు ముట్టుకుంటుంది. మెడ నుంచి నడుం దాకా ఒకే తీరున, తొందర లేకుండా నిమురుతుంది. అమ్మ మోకాలినీ ఆవిడ అలాగే పట్టింది. మొదట రెండు చేతులూ ఆనించి కాసేపు ఊరికే ఉంది. చిప్ప జోలికి పోకుండా తొడ కండనూ పిక్కనూ మెల్లగా నిమిరింది. ఆవిడ చూపంతా అమ్మ మొహం మీదే. అమ్మ కనుబొమ చిట్లితే చాలు, చెయ్యి తేలికయ్యేది.

ఆవిడ చేతికి తెలిసినదాన్ని శాస్త్రం మరో దారిలో చేరుకుంది. వెంట్రుకలుండే చర్మంలో నెమ్మదైన నిమురుడికే బాగా స్పందించే సన్నని నరాలున్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, ఒంటి వెచ్చదనం ఉన్న చెయ్యి కదిలితే అవి చురుగ్గా పలుకుతాయి. గబగబా రుద్దితే ఆ స్పందన తగ్గిపోతుంది. దెబ్బ తగలగానే ఆ చోటు ఎందుకు రుద్దుకుంటామో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు: స్పర్శ కబురు వెన్నుపాములోనే నొప్పి కబురుకు అడ్డుపడుతుంది. మూడు నెలలు దాటిన నొప్పిలో చాలామందికి నరాలే అతిగా స్పందిస్తుంటాయి. దిగులూ నిద్రలేమీ దాన్ని ఇంకా పెంచుతాయి. అలాంటి ఒంటిని బలంగా నొక్కితే కండ ఇంకా బిగుసుకోవచ్చు.

దీర్ఘకాలపు నడుం నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల్లో వ్యాయామంతో పాటు మర్దన కూడా ఉంది. అరిగిన కీలును మర్దన తిరిగి పెంచదు, నిజమే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టి, పొద్దున నాలుగడుగులు వేయగలగడం నొప్పితో బతికే మనిషికి చిన్న విషయం కాదు.

నాకు కోపం తెప్పించేది సెలూన్లలో టపటపమని మెడ విరవడం, ఎముకలు విరిచే వీడియోలకు వచ్చే చప్పట్లు. మెడను ఒక్క ఊపున తిప్పితే అరుదుగానైనా మెదడుకు వెళ్ళే రక్తనాళం గోడ చీలి పక్షవాతం రావచ్చు. ఆ చప్పుడుకు వైద్యంలో ఏ విలువా లేదు.

పిక్క ఒకవైపే వాచి ఎర్రబడినా, జ్వరం ఉన్నా, పడి దెబ్బ తగిలినా మర్దన చేయొద్దు. కాళ్ళు మొద్దుబారి మూత్రం అదుపు తప్పితే క్షణం ఆలస్యం లేకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మిగతా రోజుల్లో మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కాసిని నిమిషాలివ్వండి. గోళ్ళు తీసుకోండి, చేతులు వెచ్చబరచుకోండి, ఎక్కడ నొప్పో, ఎంత తాకితే హాయో వాళ్ళనే అడిగి మొదలుపెట్టండి.